తెల్లకాళ్ల కుక్కకు మందు వద్దు

ఎలుకలకు నల్లి పట్టింది.

ఆమ్‌స్టర్‌డామ్‌లోని నెదర్లాండ్స్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్. 1990ల తొలి సంవత్సరాలు. అక్కడి ఎలుకల గదిలో కొన్ని పెట్టెలు మిగతావాటికంటే ఖరీదైనవి. ఆల్‌ఫ్రెడ్ షింకెల్ అనే శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి ఆ పెట్టెల్లోని ఎలుకల్లో ఒకే ఒక్క జన్యువును పనిచెయ్యకుండా చేశాడు. దాని పేరు ఎండీఆర్1ఎ. కొన్ని క్యాన్సర్ కణాలు తమలోకి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి నెట్టేస్తాయి. ఆ నెట్టే పని చేసే ప్రొటీన్‌ను తయారుచేసేది ఇలాంటి జన్యువేనని అప్పటికే తెలుసు. మరి జబ్బేమీ లేని ఒంట్లో ఆ ప్రొటీన్‌కు పనేమిటి? అది తెలియాలంటే ఆ ప్రొటీన్ లేని జీవిని పుట్టించి చూడాలి.

పుట్టించారు. చూశారు. ఏ తేడా కనిపించలేదు. ఆ ఎలుకలు తిన్నాయి, తిరిగాయి, పిల్లల్ని పెట్టాయి. మామూలు ఎలుకల మధ్య వదిలితే ఇది ఫలానాదని వేలు పెట్టి చూపించడం ఎవరికీ సాధ్యం కాలేదు.

అప్పుడు పట్టింది నల్లి. కంటికి ఆనీ ఆనని ఈ పురుగు బొచ్చులో చేరి చర్మాన్ని కొరుకుతుంది. ఎలుకల్ని పెంచే ప్రతి ప్రయోగశాలకూ ఈ బెడద ఉన్నదే. విరుగుడూ అందరికీ తెలిసినదే. ఐవర్‌మెక్టిన్ కలిపిన ద్రావణాన్ని ఎలుకల మీద పిచికారీ చేస్తారు. ఆ గదిలోనూ అదే చేశారు. మామూలు ఎలుకల మీదా, జన్యువు పోయిన ఎలుకల మీదా ఒకే మందు పడింది.

మామూలు ఎలుకలు నిక్షేపంగా ఉన్నాయి. జన్యువు పోయినవి దాదాపు అన్నీ చచ్చిపోయాయి.

ఏళ్ల తరబడి చేసిన పని ఒక్క పిచికారీతో పోయిందని తల పట్టుకోవలసిన సందర్భం అది. కానీ ఆ చావుల్లోనే తాము వెతుకుతున్న జవాబు ఉందని ఆ బృందం గుర్తించింది. అదే జవాబు కోసం అట్లాంటిక్ అవతల కుక్కల డాక్టర్లు అప్పటికి పదేళ్లుగా తన్నుకులాడుతున్నారు.

గోల్ఫ్ మైదానం పక్కన పిడికెడు మట్టి

ఈ మందు పుట్టుక జపాన్‌లో. టోక్యోలోని కిటసాటో ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే సతోషి ఓమురాకు ఒక అలవాటు ఉండేది. ఎక్కడికి వెళ్లినా వెంట చిన్న ప్లాస్టిక్ సంచి ఉంచుకునేవాడు. కంటికి నచ్చిన చోట కాస్త మట్టి తీసి అందులో వేసుకునేవాడు. మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేసే రసాయనాల్లో కొత్త మందులు దొరుకుతాయని ఆయన ఆశ. 1970లలో షిజుఓకా ప్రాంతంలోని కవానా అనే చోట, గోల్ఫ్ మైదానం దగ్గర తీసిన మట్టిలో ఒక సూక్ష్మజీవి దొరికింది. ఒప్పందం ప్రకారం దాన్ని అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని మెర్క్ కంపెనీకి పంపించారు.

అక్కడ విలియం క్యాంప్‌బెల్ అనే ఐర్లండ్ శాస్త్రవేత్త బృందం, పేగుల్లో నులిపురుగులున్న చిట్టెలుకల మీద ఆ సూక్ష్మజీవి రసాన్ని పరీక్షించింది. పురుగులు పోయాయి. ఆ రసంలోని పదార్థాన్ని కొంచెం మార్చగా వచ్చిందే ఐవర్‌మెక్టిన్. 1981లో పశువుల మందుగా మార్కెట్లోకి వచ్చింది. కడుపులో పురుగులకూ, ఒంటిమీద నల్లికీ, గజ్జికీ ఒకే మందు కావడం రైతుకు కొత్త. తరవాత ఇదే మందు ఆఫ్రికాలో రివర్ బ్లైండ్‌నెస్ అనే అంధత్వాన్నీ, పలు దేశాల్లో బోదకాలునూ అదుపు చెయ్యడానికి మనుషులకు అక్కరకొచ్చింది. 2015లో ఓమురాకూ క్యాంప్‌బెల్‌కూ నోబెల్ బహుమతిలో సగభాగం దక్కింది.

పురుగును ఇది చంపే తీరు చాలా సూటిగా ఉంటుంది. పురుగుల నరాల్లో, కండరాల్లో గ్లూటమేట్‌కు స్పందించే ప్రత్యేకమైన క్లోరైడ్ ద్వారాలుంటాయి. మందు వాటిని తెరిచి, మళ్లీ మూసుకోనివ్వదు. పురుగు కదల్లేక, తినలేక పోతుంది. పాలిచ్చే జంతువుల్లో ఆ ద్వారాలు లేవు. వాటిని పోలిన వేరే ద్వారాలు ఉన్నాయి గాని, అవి మెదడులో ఉంటాయి. మెదడులోకి మందు చేరదు. కాబట్టి ఆవుకూ గుర్రానికీ భయం లేదు.

మెదడులోకి ఎందుకు చేరదో మాత్రం అప్పటికి సరిగ్గా ఎవరికీ తెలియదు.

లాస్సీ ఇంట్లో

ఆవులకు అంత బాగా పనిచేసే మందు కుక్కలకు ఎందుకు పనికిరాదు? 1980ల మొదట్లో చాలామంది పశువైద్యులకు ఈ ఆలోచన వచ్చింది. కుక్కల కోసం తయారుచేసిన ఐవర్‌మెక్టిన్ ఇంకా రాలేదు. చేతిలో ఉన్న పశువుల ఇంజెక్షన్‌నే కుక్క బరువుకు లెక్కగట్టి వెయ్యడం మొదలుపెట్టారు. గజ్జితో బొచ్చంతా రాలిపోయిన కుక్కలు కొన్ని వారాల్లో నిగనిగలాడాయి. పేరు పాకింది.

ఆ పేరు విని మందు వేయించుకున్న ఇళ్లలో కోలీల ఇళ్లూ ఉన్నాయి. కోలీ అనగానే మనవాళ్లకు తట్టకపోవచ్చు గాని, లాస్సీ అంటే తెలుస్తుంది. 1943 నాటి ‘లాస్సీ కమ్ హోమ్’ సినిమాలో కనిపించే కుక్కే కోలీ. పొడవాటి మూతి, మెడ చుట్టూ తెల్లటి జూలు, తెల్లటి పాదాలు. స్కాట్లండ్, ఇంగ్లండ్‌లలో గొర్రెల మందల్ని కాసిన జాతి.

అలాంటి ఒక ఇంటిని తీసుకుందాం. పేర్లతో మనకు పనిలేదు. అప్పట్లో పశువైద్యుల ముందుకొచ్చిన కేసులు ఇంచుమించు ఇదే వరసలో నడిచాయి.

పొద్దున డాక్టరు ఇంజెక్షన్ వేశాడు. కుక్క తోక ఊపుకుంటూ ఇంటికొచ్చింది. మధ్యాహ్నానికి నడక తేడాగా ఉంది. వెనక కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. ఎండలో తిరిగి అలిసిపోయిందనుకున్నారు. సాయంత్రానికి నోటి వెంట చొంగ ఆగడం లేదు. కంటిపాపలు పూర్తిగా విచ్చుకున్నాయి. ఇంట్లోవాళ్లు చెయ్యి కళ్లముందు ఆడించినా రెప్ప వెయ్యలేదు. రోజూ తిరిగే వాకిట్లోనే గోడకు తల కొట్టుకుంది. రాత్రికి వణుకు వచ్చింది. తెల్లారేసరికి పిలిస్తే పలకలేదు.

“డాక్టరుగారూ, మందు ఎక్కువైందా?”

“లేదండీ. నిన్న ఇదే లెక్కన ఇంకో రెండు కుక్కలకు వేశాను. వాటికేం కాలేదు.”

“మరి మా కుక్కకే ఎందుకిలా?”

ఆ ప్రశ్నకు అప్పట్లో ఏ డాక్టరు దగ్గరా జవాబు లేదు. విరుగుడు మందూ లేదు. సెలైన్ ఎక్కించడం, ఒళ్లు చల్లబడకుండా చూడడం, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పుతుండడం, ఊపిరి అందకపోతే యంత్రం పెట్టడం, అంతే. కొన్ని కుక్కలు రోజులు గడిచాక, కొన్ని వారాల తరవాత కళ్లు తెరిచాయి. కొన్ని తెరవలేదు.

పరిశోధకులు కోలీలకు కొలిచి మందు ఇచ్చి చూశారు. మామూలు కుక్క కిలో బరువుకు 2,000 మైక్రోగ్రాముల దాకా తట్టుకోగలుగుతుంటే, సున్నితమైన కోలీలు 100 నుంచి 200 మైక్రోగ్రాములకే కుప్పకూలాయి. విచిత్రమేమంటే కోలీలన్నీ అలా లేవు. ఒకే జాతిలో కొన్ని మామూలు కుక్కల్లాగే తట్టుకున్నాయి. పైకి చూస్తే తేడా ఏమీ కనిపించదు. తెలుసుకోవాలంటే మందు వేసి చూడడం ఒక్కటే దారి. ఆ పరీక్ష తప్పితే కుక్క ప్రాణమే పోతుంది.

సూది మందుతోనే కాదు, నేలమీద పడినదాన్ని తిన్నా ప్రమాదం జరిగింది. గుర్రాలకు పట్టే పేస్టు కింద జారితే నాకిన కోలీలూ, మందు వేసిన పశువుల పేడ తిన్న కోలీలూ పడిపోయాయి. 1987లో కుక్కల గుండెపురుగు నివారణకు కిలోకు 6 మైక్రోగ్రాముల చొప్పున ఇచ్చే బిళ్లకు అమెరికాలో అనుమతి వచ్చింది. అంత తక్కువ మోతాదు కోలీలకూ ఇబ్బంది కలిగించదని పరీక్షల్లో తేలింది. గజ్జికి వాడే మోతాదు మాత్రం దానికి ఎన్నో రెట్లు. అందుకే పశువైద్య కళాశాలల్లో విద్యార్థులకు ఒక మాట బట్టీ పట్టించారు: తెల్ల పాదాలుంటే మందు వెయ్యకు.

గుమ్మంలో పెద్దాయన

ఆమ్‌స్టర్‌డామ్ ఎలుకల దగ్గరికి వద్దాం. చచ్చిన ఎలుకల మెదళ్లలో ఐవర్‌మెక్టిన్ మామూలు ఎలుకల మెదళ్లలోకంటే ఎన్నో రెట్లు ఎక్కువ పేరుకుని ఉంది. షింకెల్ బృందం ఆ ఫలితాలను 1994లో ‘సెల్’ పత్రికలో ప్రచురించింది. ఆ జన్యువు లేని ఎలుక ఐవర్‌మెక్టిన్‌కు 100 రెట్లు ఎక్కువ లోబడుతుందని తేల్చింది.

మెదడులోని సన్నటి రక్తనాళాల గోడల్లో, ఆ జన్యువు తయారుచేసే పి-గ్లైకోప్రొటీన్ అనే ప్రొటీన్ ఉంటుంది. పెళ్లివారింటి గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చున్న పెద్దాయన లాంటిది అది. చుట్టాల్ని పోనిస్తాడు. పిలవకుండా లోపల కాలు పెట్టినవాణ్ణి మెడపట్టి బయటికి గెంటుతాడు. ఐవర్‌మెక్టిన్ నూనెలో కరిగే పదార్థం, కణాల గోడల్లోకి తేలిగ్గా దూరగలదు. అయినా దూరిన ప్రతిసారీ ఈ ప్రొటీన్ దాన్ని తిరిగి రక్తంలోకి తోసేస్తుంది. ఆవులకూ గుర్రాలకూ మనకూ ఈ మందు మెదడుకు ఎక్కకపోవడానికి కారణం ఇదే. ఆ కాపలా లేని ఎలుకలో మందు నేరుగా మెదడుకు చేరింది. పురుగును పడగొట్టిన తీరులోనే ఎలుకనూ పడగొట్టింది.

క్యాన్సర్ కణం మందును బయటికి నెట్టడానికీ, కోలీ గోడకు తల కొట్టుకోవడానికీ ఉన్న సంబంధం ఈ ఒక్క ప్రొటీనే. కణం దగ్గర అది మితిమీరి ఉంది. కుక్క దగ్గర లేదు. లేదేమోనని అనుమానం, అంతే. అప్పటికి చేతిలో ఉన్న రుజువు ఎలుకది. కుక్కది ఇంకా దొరకలేదు.

నాలుగు అక్షరాలు

దొరికింది 2001లో. అమెరికా వాయవ్య మూలన పుల్‌మన్ అనే ఊళ్లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి పశువైద్యురాలు కట్రీనా మీలీ మందులు ఒంట్లో ఎలా నడుస్తాయో పరిశోధిస్తుండేది. ఎలుకల్లో కనిపించిన లక్షణాలకూ కోలీల్లో కనిపించిన లక్షణాలకూ ఉన్న పోలిక చూసి, ఆమె బృందం కోలీల రక్తం తీసుకుని అదే జన్యువును చదివింది. ఐవర్‌మెక్టిన్ తట్టుకున్న కోలీలనూ, తట్టుకోలేని కోలీలనూ పక్కపక్కన పెట్టి చూసింది.

తట్టుకోలేని కోలీల్లో ఎండీఆర్1 జన్యువు తొలి భాగంలోనే నాలుగు అక్షరాలు లేవు. కుక్క డీఎన్‌ఏ మొత్తం దాదాపు 240 కోట్ల అక్షరాలు. అందులో పోయింది నాలుగే. కానీ జన్యువును మూడేసి అక్షరాలుగా చదివే కణానికి, నాలుగు తప్పిపోయిన చోటు నుంచి వరసంతా తప్పుతుంది. కాస్త దూరం వెళ్లగానే ఆగిపొమ్మనే గుర్తు తగులుతుంది. ప్రొటీన్‌లో పదోవంతు కూడా తయారవదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఈ లోపమే వచ్చిన కుక్కకు కాపలా పూర్తిగా లేనట్టే. ఒక వైపే వస్తే కాపలా సగం ఉంటుంది. పెద్ద మోతాదుల దగ్గర దానికీ జాగ్రత్త తప్పదు.

ఆ తరవాత మూడేళ్లకు, అంటే 2004లో, ఇంకో పరిశోధన వెలువడింది. ఈ లోపం కోలీల్లోనే కాక ఆస్ట్రేలియన్ షెపర్డ్, షెట్లాండ్ షీప్‌డాగ్, ఓల్డ్ ఇంగ్లిష్ షీప్‌డాగ్ వంటి మరికొన్ని జాతుల్లోనూ బయటపడింది. గొర్రెలు కాయడంతో ఏ సంబంధమూ లేని పొడవు బొచ్చు విప్పెట్ వంటి వేటకుక్కల్లో కూడా కనిపించింది. వాటి డీఎన్‌ఏను పోల్చి చూస్తే అన్నిటికీ మూలం ఒక్కటే కుక్క అని తేలింది. బ్రిటన్‌లో జాతుల్ని రిజిస్టర్లలో రాసి వేరుచెయ్యడం మొదలైన 1873 ప్రాంతానికి ముందే అది అక్కడ ఏదో మంద వెంట తిరిగింది. ఏ జబ్బూ లేకుండా బతికి ఉంటుంది. మందను చక్కగా కాసి ఉంటుంది కాబట్టే దాని పిల్లల్ని పదిమందీ అడిగి తీసుకుపోయారు. ఐవర్‌మెక్టిన్ పుట్టేదాకా, అంటే వందేళ్లకు పైగా, ఆ లోపం ఎవరి కంటా పడలేదు.

ఇప్పుడు మందు వేసి పరీక్షించవలసిన అవసరం లేదు. కుక్క బుగ్గ లోపల చిన్న బ్రష్ తిప్పి, ఆ తడిలోని డీఎన్‌ఏను పరీక్షిస్తే చాలు. ఒక్కసారి చేయించిన పరీక్ష ఆ కుక్క జీవితాంతం పనికొస్తుంది. ఫలితం తెలిస్తే ఐవర్‌మెక్టిన్ ఒక్కదానికే కాక, కొన్ని మత్తుమందులకూ, విన్‌క్రిస్టిన్ వంటి క్యాన్సర్ మందులకూ మోతాదు సరిచూసుకోవచ్చు. మనుషులు విరేచనాలకు వేసుకునే లోపెరమైడ్ బిళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. ఇంట్లో ఉంది కదా అని కుక్కకు వేస్తే, కాపలా లేని మెదడులో అది మత్తుమందులా పనిచేస్తుంది.

ఆ పాత మాట ఎక్కడ తప్పిందో కూడా ఈ పరీక్షతోనే బయటపడింది. తెల్ల పాదాలున్న కుక్కలు చాలావాటికి కోలీ రక్తంతో సంబంధమే లేదు. ఇక వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం లెక్కల ప్రకారం అమెరికా జర్మన్ షెపర్డ్‌లలో సుమారు పదింట ఒకటి ఈ లోపాన్ని మోస్తోంది. జర్మన్ షెపర్డ్‌కు తెల్ల పాదాలుండవు. మన ఊళ్లలో గేటు ఉన్న ఇళ్లలో తరచుగా కనిపించేది ఆ కుక్కే.

“రెండు ఎమ్మెల్ ఎయ్యి”

కాబట్టి ఇప్పుడు మన మండల కేంద్రానికి రావాలి. పశువుల మందులమ్మే షాపు ముందు బండి ఆగుతుంది. ఇలాంటి మాటలు ఎక్కడైనా వినిపించేవే.

“అన్నా, కుక్కకు గోమార్లు పట్టినయ్. సూదిమందు ఇయ్యి.”

“ఏం కుక్క తమ్మీ?”

“జర్మన్ షెపర్డ్.”

“పెద్దదేనా?”

“గట్టిగనే ఉంటది.”

“గట్లయితే రెండు ఎమ్మెల్ ఎయ్యి. ఇగ గోమారి కానరాదు పో.”

షాపాయనకు దురుద్దేశం ఏమీ లేదు. నిన్న ఎవరికో చెప్పింది పనిచేసింది, అదే చెప్పాడు. లెక్క మాత్రం ఒకసారి చూడాలి. పశువులకు వాడే ఒక శాతం ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్‌లో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. 50 కిలోల పశువుకు ఒక మిల్లీలీటరు అని దాని లెక్క. ఆ లెక్కనే 30 కిలోల కుక్కకు 0.6 మిల్లీలీటరు. రెండు మిల్లీలీటర్లంటే మూడు రెట్లకు పైనే. మామూలు కుక్క దాన్ని తట్టుకుని లేవవచ్చు. ఆ పదింట ఒకటైతే లేవకపోవచ్చు. అదే రెండు మిల్లీలీటర్లు పక్కింటి ఐదు కిలోల పొమరేనియన్‌కు వేస్తే కిలోకు 4,000 మైక్రోగ్రాములు. అప్పుడు జన్యువు బాగున్నా కాపాడలేకపోవచ్చు. కోలీలకు సైతం భయం లేదన్న గుండెపురుగు మోతాదు 20 కిలోల కుక్కకు ఈ సీసాలోంచి తియ్యాలంటే ఒక బొట్టులో నాలుగోవంతు. అంత సన్నటి కొలత సిరంజి మీద కంటితో చూసి తీసేది కాదు. పశువుల సీసా కుక్క కోసం తయారు చేసింది కాదు. కుక్కకు వెయ్యాలంటే పశువైద్యుడే లెక్కగట్టి వెయ్యాలి.

ఇంత చదివాక అసలు ఏ మందూ వద్దనిపిస్తే అది మరో పొరపాటు. గోమార్లు రక్తం పీల్చడంతో ఆగవు. ఎర్లికియా, బబీసియా జ్వరాలను కుక్కకు అంటిస్తాయి. మన దగ్గర కుక్కల డాక్టర్లకు తరచుగా ఎదురయ్యే ప్రాణాంతక జబ్బుల్లో ఇవి ముందుంటాయి. ఫ్లీస్ అనే గెంతే పురుగులు కూనల్ని రక్తం లేకుండా చేస్తాయి, బద్దెపురుగును పేగుల్లోకి చేరుస్తాయి. మందు మానడం జవాబు కాదు. ఏ కుక్కకు ఏ మందు అన్నది తేల్చుకోవాలి.

కుక్క మారితే మందు మారుతుంది

మెడ వెనక వేసే చుక్కల మందుల విషయంలో బరువే మొదటి ప్రశ్న. 2010లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, ఈ చుక్కల మందుల వల్ల ఇబ్బంది కలిగిందన్న ఫిర్యాదులను పరిశీలించింది. కుక్కల్లో ఎక్కువగా ఇబ్బంది పడ్డవి 10 నుంచి 20 పౌన్ల, అంటే సుమారు నాలుగున్నర నుంచి తొమ్మిది కిలోల చిన్న కుక్కలని చెప్పింది. పెద్ద కుక్క ట్యూబు కొని రెండు చిన్న కుక్కలకు సగం సగం పంచడం పొదుపులా కనిపిస్తుంది. సగం ఎక్కడో కంటికి తెలియదు. ఇంట్లో బరువు చూడడానికి ఒక పద్ధతి ఉంది: కుక్కను ఎత్తుకుని యంత్రం ఎక్కి, తరవాత ఒంటరిగా ఎక్కి తేడా చూసుకుంటే సరి. ఇక కొన్ని వారాల కూనలకు చాలా మందులు పనికిరావు. ప్యాకెట్ మీద కనీస వయసు రాసి ఉంటుంది.

ఇంట్లో పిల్లి ఉందా అన్నది రెండో ప్రశ్న. కుక్కల చుక్కల మందుల్లో కొన్నిటిలో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్క కాలేయం దాన్ని విరిచి బయటికి పంపగలదు, పిల్లి కాలేయం పంపలేదు. కుక్క మందు పిల్లికి వేసినా, మందు తడి ఆరని కుక్కను పిల్లి నాకినా, పిల్లికి వణుకు, ఫిట్స్, చావు. కుందేలు ఉన్న ఇంట్లో ఫిప్రోనిల్ విషయంలోనూ ఇంతే కఠినంగా ఉండాలి.

మూడోది జాతి, చరిత్ర. ఫ్లీస్‌కు వేసే కొన్ని చుక్కల మందుల్లో సెలమెక్టిన్, మాక్సిడెక్టిన్ ఉంటాయి. ఇవి ఐవర్‌మెక్టిన్ చుట్టాలే. చెప్పిన మోతాదులో చర్మం మీద వేస్తే కోలీలకూ సరిపడతాయి గాని, మాక్సిడెక్టిన్ మందును కోలీ జాతి కుక్కలు నాకకుండా చూడాలని తయారీదారులే హెచ్చరిస్తారు. మన నగరాల్లో దొరికే నమిలే బిళ్లల్లో ఐసాక్సజోలిన్ వర్గం మందులున్నాయి. వీటితో కొన్ని కుక్కలకు వణుకు, తూలుడు, మూర్ఛ రావచ్చని 2018 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మందును నిషేధించలేదు. ఎక్కువ కుక్కలకు అది సురక్షితమేనంది. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన కుక్కయితే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

అమిట్రాజ్ ద్రావణంతో స్నానం మన ఊళ్లలో చాలా పాత పద్ధతి. చేతికి గ్లవ్స్ వేసుకోవాలి, గాలి ఆడే చోట చెయ్యాలి, ప్యాకెట్ చెప్పినన్ని నీళ్లే కలపాలి, కలిపిన వెంటనే వాడాలి. చిక్కగా ఉంటే త్వరగా చస్తాయన్న లెక్క పురుగు కంటే ముందు కుక్క మీద పడుతుంది. మగతగా పడిపోవడం, గుండె నెమ్మదించడం, ఒళ్లు చల్లబడడం దాని గుర్తులు. షుగర్ జబ్బున్న కుక్కకూ, కూనలకూ, చివావాలకూ ఇది అసలు వద్దు. పత్తి చేలో కొట్టగా మిగిలిన మందు, కిరోసిన్, పొగాకు నీళ్లు, కర్పూరం నూనె ఏ కుక్కకూ మందులు కావు.

మందు వేసిన నాలుగు రోజులకు మళ్లీ పురుగు కనిపించిందని రెండోసారి వేసేవాళ్లే ఎక్కువగా చిక్కుల్లో పడతారు. కుక్క ఒంటి మీద కనిపించే ఫ్లీస్ ఇంట్లో ఉన్న మొత్తంలో 5 శాతం మాత్రమే. మిగతావి గుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్లుగా పరుపులో, చాపల కింద, గచ్చు పగుళ్లలో ఉంటాయి. గోమారి కూడా గోడ పగుళ్లలో వేలకొద్దీ గుడ్లు పెట్టగలదు. అవి పొదిగి మళ్లీ కుక్క మీదికి ఎక్కుతాయి. దానికి కుక్క పడుకునే గుడ్డల్ని వేడి నీళ్లలో ఉతకాలి, మూలలు రోజూ ఊడ్చాలి, పగుళ్లు పూడ్చాలి, ఇంట్లోని కుక్కలన్నిటికీ ఒకేసారి వాటివాటి మందు వెయ్యాలి. గడువు రాకుండా రెండో మోతాదు వేస్తే ఇంట్లో పురుగు తగ్గదు, కుక్క ఒంట్లో మందు పెరుగుతుంది.

జరగరానిది జరిగితే గంటలే లెక్క. తూలుడు, చొంగ, కంటిపాపలు విచ్చుకోవడం, వణుకు కనిపిస్తే పొద్దున దాకా చూద్దామనుకోకూడదు. చర్మం మీద వేసిన మందైతే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో కడిగేయాలి. వాంతి చేయించే ప్రయత్నం ఇంట్లో చెయ్యకూడదు. పాలు, నూనె పట్టకూడదు. కుక్కతో పాటు మందు సీసా, ప్యాకెట్, వేసిన మోతాదు, వేసిన సమయం డాక్టరు చేతికి చేరాలి. ఐవర్‌మెక్టిన్‌కు ఇప్పటికీ నేరుగా విరుగుడు లేదు గాని, ఊపిరి నిలబెట్టి ఓపిక పట్టిన చోట చాలా కుక్కలు రోజుల తరవాత లేచి నడిచాయి. స్పృహ లేదని ఆశ వదులుకోవడం తొందరపాటు.

ఆ మండల కేంద్రం షాపులో రెండు నిమిషాల బేరం చాలా కుక్కల విషయంలో ఏ ప్రమాదమూ లేకుండానే గడిచిపోతుంది. మందు మంచిదే కాబట్టి గడుస్తుంది. కోలీల ఇళ్లలో జరిగింది కూడా మంచి మందుతోనే. కౌంటరు ముందు నిలబడినప్పుడు మందు పేరు అడగడానికి ముందే మన కుక్క బరువు, వయసు, జాతి, పాత జబ్బులు, ఇంట్లో పిల్లి ఉన్న సంగతి చెప్పగలగాలి. వాటిలో ఒక్కటి తెలియకపోయినా, వినే ఓపిక ఎదుటివాళ్లకు లేకపోయినా, ఖాళీ చేతులతో వెనక్కి తిరిగి పశువుల ఆసుపత్రి దారి పట్టడమే మేలు. గోమారి ఇంకో రోజు ఆగుతుంది.